గెలిచి, ఓడి, తీర్పు చెప్పిన పియానో విద్వాంసుడు ఎమిల్ గిలెల్స్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితాన్ని గురించి రాయవలసిందిగా సంపాదకవర్గ మిత్రులు కోరారు. మన జాతీయ నాయకుల గురించి, మన కవిపండితుల గురించి నాకంటే చక్కగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత మనకు అంతగా అలవాటు లేని రంగం నుంచి ఒకరిని ఎంచుకున్నాను. ఆయన పేరు ఎమిల్ గిలెల్స్. సోవియట్ దేశానికి చెందిన పియానో విద్వాంసుడు. 1916లో పుట్టి 1985లో కన్నుమూశారు. మా తరంవారిలో సోవియట్ భూమి పత్రిక తిరగేసినవారికి ఆ దేశపు సంగీతజ్ఞుల పేర్లు కొన్నయినా చెవిన పడే ఉంటాయి.

ఈయననే ఎందుకు ఎంచుకున్నానో ముందుగా మనవి చేస్తాను. మనమంతా సీనియారిటీ జాబితాలు, శాఖాపరీక్షలు, ప్రమోషన్ కమిటీలు చూసి వచ్చినవాళ్ళం. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అనే విషయం మన నిద్ర ఎన్నిసార్లు చెడగొట్టిందో మనకు తెలుసు. గిలెల్స్ తన జీవితంలో ఆ జాబితాలో మొదట నిలిచారు, రెండవ స్థానంలోనూ నిలిచారు. ఆ తరువాత చాలాకాలం ఆ జాబితా తయారుచేసే కుర్చీలో కూర్చున్నారు. ఒక సందర్భంలో ఆ కుర్చీ ఆయనకు కత్తిమీద సాము అయింది. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పియానో గురించి రెండు ముక్కలు

కథలోకి వెళ్ళేముందు వాద్యం గురించి కొంచెం చెప్పుకోవాలి. మన హార్మోనియం లాగానే పియానోకు మెట్లుంటాయి. తెల్లవి 52, నల్లవి 36, మొత్తం 88. అయితే హార్మోనియంలో గాలి వల్ల ధ్వని పుడుతుంది. పియానోలో మెట్టు నొక్కగానే లోపల ఒక చిన్న సుత్తి లేచి తీగను కొట్టి వెనక్కు పడుతుంది. కొట్టిన క్షణం నుంచే ఆ ధ్వని తగ్గిపోవడం మొదలవుతుంది. వీణ మీద తీగను లాగి గమకం పలికించినట్లు ఇక్కడ పలికించడానికి వీలులేదు. ఎంత బలంతో కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, వేలు ఎంతసేపు ఉంచాలి, కాలి కింద పెడలు ఎప్పుడు తొక్కాలి, ఎప్పుడు వదలాలి - విద్వాంసుని చేతిలో ఉన్నవి ఇవే. ఇంకొక సంగతి ఏమిటంటే, పాశ్చాత్య సంప్రదాయంలో స్వరాలన్నీ రచయిత కాగితం మీద రాసిపెట్టేశాడు. మన కచేరీలలో లాగా మనోధర్మానికి పెద్దగా చోటు ఉండదు.

మరి అందరూ అదే కాగితం చూసి, అవే మెట్లు నొక్కితే తేడా ఎక్కడ వస్తుంది? ఒకే త్యాగరాజ కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడితే తేడా మనకు వెంటనే తెలుస్తుంది గదా! పియానోలో కూడా అంతే. ఒకరి చేతిలో అదే రచన ఉప్పెనలా వస్తుంది, ఇంకొకరి చేతిలో తెల్లవారుజామున వినిపించే పాటలా వస్తుంది. పోటీలలో న్యాయనిర్ణేతలకు వచ్చే చిక్కంతా ఇక్కడే. తప్పు స్వరాలు లెక్కపెట్టడం తేలిక. బాణీకి మార్కులు వేయడం కష్టం.

గుమాస్తాగారి అబ్బాయి

గిలెల్స్ 1916 అక్టోబరు 19న నల్లసముద్రపు ఒడ్డున ఉన్న ఒడెస్సా రేవుపట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఈనాడు ఆ పట్టణం ఉక్రెయిన్ దేశంలో ఉంది. తండ్రి చక్కెర కర్మాగారంలో గుమాస్తా. మన తోటివాడే అన్నమాట! ఇంట్లో ఒక పియానో ఉండేది. పిల్లవాడికి ఆరేళ్ళు నిండకముందే యాకోవ్ ట్కాచ్ అనే ఉపాధ్యాయుని దగ్గర చేర్పించారు. ఆ మాస్టారు మహా కఠినమైన మనిషి. మన దగ్గర సరళీవరసలు, జంటవరసలు చెప్పించినట్లుగా ఆయన స్వరవరుసలు, వేళ్ళకు కసరత్తులు రోజుల తరబడి చేయించేవారు. ఆ పునాది గట్టిగా పడింది కనుకనే తరువాతి కాలంలో ఎంత కష్టమైన రచన అయినా గిలెల్స్ చేతికి కష్టం కాలేదు. ఇంట్లో అందరూ నిద్రపోయిన తరువాత తలగడ కింద నుంచి తండ్రిగారి రూళ్ళకర్ర తీసి, లేని ఆర్కెస్ట్రాను చీకట్లో నడిపిస్తూ ఉండేవాడినని ఆయనే పెద్దయ్యాక చెప్పుకున్నారు.

1929లో పన్నెండేళ్ళ వయసులో మొదటి కచేరీ చేశారు. 1930లో ఒడెస్సా సంగీత కళాశాలలో బెర్తా రైంగ్‌బాల్డ్ అనే అధ్యాపకురాలి దగ్గర చేరారు. వేళ్ళ కసరత్తుకు మించి సంగీతంలో ఏముందో ఆ తల్లి నేర్పింది. 1932లో ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన ఆర్థర్ రూబిన్‌స్టీన్ ఒడెస్సా వచ్చినప్పుడు ఎర్రజుట్టు, మచ్చల మొహం గల ఈ పొట్టి కుర్రవాని వాయిద్యం విన్నారు. ఈ పిల్లవాడు గనుక ఎప్పుడైనా అమెరికా వస్తే తాను పెట్టే బేడా సర్దుకోవలసిందేనని ఆయన అన్నట్లు చెప్పుకుంటారు.

మరుసటి సంవత్సరం, 1933లో, మాస్కోలో మొదటిసారిగా అఖిల సోవియట్ సంగీత పోటీ జరిగింది. గిలెల్స్‌కు పదహారేళ్ళు. మొజార్ట్ ఇతివృత్తాల మీద లిస్ట్ అల్లిన ఒక మహా కష్టమైన రచనను ఆ కుర్రవాడు వాయించి ముగించేసరికి సభంతా లేచి నిలబడింది. ప్రథమ బహుమతి వచ్చింది. రాత్రికి రాత్రి దేశమంతా పేరు మోగిపోయింది. ఊరూరా కచేరీలకు పిలుపులు. అయితే కొంతకాలం తిరిగిన తరువాత ఆయన ఒడెస్సా తిరిగి వెళ్ళి 1935లో చదువు పూర్తిచేశారు. ఆ వయసులో చప్పట్లు వదులుకుని మళ్ళీ తరగతి గదిలో కూర్చోవడం సామాన్య విషయం కాదు. తరువాత మాస్కోలో హైన్రిఖ్ నైహౌస్ అనే ఆచార్యుని శిష్యుడయ్యారు.

వియన్నాలో రెండవ స్థానం, బ్రసెల్స్‌లో మొదటి స్థానం

1936లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో అంతర్జాతీయ పోటీ జరిగింది. సోవియట్ దేశం నుంచి వెళ్ళినవారిలో గిలెల్స్ ఒకరు, యాకోవ్ ఫ్లియెర్ ఒకరు. ఫ్లియెర్ వయసులో నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరివీ పూర్తిగా వేర్వేరు బాణీలు. ఫ్లియెర్ వాయిద్యం భావావేశంతో పొంగిపొరలేది. ఈరోజు వాయించినట్లు రేపు వాయించేవారు కాదు. గిలెల్స్‌ది రాతికట్టడం లాంటి నిర్మాణం. లయ తూచినట్లు ఉండేది, ధ్వని నిండుగా, బంగారు ఛాయతో ఉండేది. వియన్నాలో మొదటి బహుమతి ఫ్లియెర్‌కు, రెండవది గిలెల్స్‌కు వచ్చాయి.

రెండేళ్ళ తరువాత 1938లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో మళ్ళీ ఇద్దరూ తలపడ్డారు. ఈజాయ్ అనే బెల్జియం వయొలిన్ విద్వాంసుని పేరిట ఆ దేశపు రాణి ఎలిజబెత్ ప్రోత్సాహంతో జరిగిన పోటీ అది. అంతకుముందు సంవత్సరం వయొలిన్‌కు జరిపారు. అందులో సోవియట్ విద్వాంసుడు డేవిడ్ ఓయిస్ట్రాఖ్ ప్రథముడు కాగా, గిలెల్స్ చెల్లెలు ఎలిజవేతా మూడవ బహుమతి తెచ్చుకుంది. ఇప్పుడు అన్నగారి వంతు.

పోటీ నిబంధనలు చాలా కఠినంగా ఉండేవి. తుది పోటీకి ఎన్నికైనవారు తమకు నచ్చిన రచనలతో పాటు, జాన్ అబ్సిల్ అనే బెల్జియం రచయిత కొత్తగా రాసిన కంచెర్టోను కొద్ది రోజులలో నేర్చుకుని వాయించాలి. కంచెర్టో అంటే పూర్తి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన. గురువుల సాయం ఉండకూడదు. న్యాయనిర్ణేతలలో ఒడెస్సాలో కుర్రవాడిని విన్న రూబిన్‌స్టీన్ కూడా ఉన్నారు.

ఆ తుది పోటీలో నిలిచినవారిలో నలుగురిని చెప్పుకుంటే చాలు, ఎన్ని రకాల బాణీలు ఒకే వేదిక మీద కలిశాయో తెలుస్తుంది. గిలెల్స్ నిండైన ధ్వని, ఫ్లియెర్ ఆవేశం గురించి చెప్పాను. మూడవ వ్యక్తి ఇంగ్లండు నుంచి వచ్చిన మౌరా లింపనీ. గిలెల్స్ ఈడుదే. ఆమె వేలు మెట్టు మీద పడితే బరువు తెలిసేది కాదు. నీళ్ళ అడుగున ఉన్న గులకరాయి కనిపించినంత స్పష్టంగా ప్రతి స్వరమూ వినిపించేది. నాలుగవవాడు ఇటలీ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు, ఆర్తూరో బెనెడెట్టి మైకెలాంజెలి. పొల్లుపోని వాయిద్యం. ఒక్క స్వరం అటూ ఇటూ కాదు. అయితే ఆ నునుపు కొందరికి చల్లగా తోచింది. రూబిన్‌స్టీన్ అంతటివారికి కూడా అతని నైపుణ్యంలో లోటు కనిపించలేదు గాని మనసు నిండలేదట.

ఫలితాలు వచ్చాయి. గిలెల్స్ ప్రథముడు. లింపనీ ద్వితీయురాలు. వియన్నాలో మొదటివాడైన ఫ్లియెర్ ఇక్కడ మూడవ స్థానానికి వచ్చారు. మైకెలాంజెలికి ఏడవ స్థానం దక్కింది.

ఇక్కడ పాఠకులు ఒక్క నిమిషం ఆగాలని మనవి. ఏడవ స్థానంలో మిగిలిన ఆ కుర్రవాడు మరుసటి సంవత్సరమే, 1939లో, జెనీవా పోటీలో ప్రథముడయ్యాడు. 1995లో మరణించేనాటికి ఇరవయ్యవ శతాబ్దపు అగ్రశ్రేణి పియానో విద్వాంసులలో ఒకరుగా లోకం ఆయనను లెక్కించింది. బ్రసెల్స్‌లో ఏ చల్లదనం మార్కులు తగ్గించిందో, తరువాత అదే ఆయన ప్రత్యేకత అయింది. లింపనీ 2005 వరకు జీవించి, రఖ్మనినోవ్ రచనల రికార్డులతో పేరు పొందారు. చేతికి వచ్చిన ఇబ్బంది వల్ల ఫ్లియెర్ చాలా ఏళ్ళు వేదికకు దూరమై, బోధనలో గొప్ప పేరు తెచ్చుకుని, 1977లో మరణించారు. అంటే ఆనాటి జాబితాలో ఒకటి, రెండు, మూడు, ఏడు అని పడిన అంకెలు వాళ్ళ జీవితాల గురించి ఏమీ చెప్పలేకపోయాయి. అలాగని న్యాయనిర్ణేతలు తప్పు చేశారనీ కాదు. ఆ వారం రోజులలో విన్నదానికి వాళ్ళు మార్కులు వేశారు. మిగిలిన యాభై ఏళ్ళు వినే అవకాశం వాళ్ళకు లేదు.

యుద్ధకాలం

బ్రసెల్స్ విజయం తరువాత గిలెల్స్ 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళవలసి ఉంది. యుద్ధం రావడంతో ఆ ప్రయాణం ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ వయసులో తప్పిన అమెరికా అవకాశం మళ్ళీ రావడానికి పదహారేళ్ళు పట్టింది. యుద్ధకాలంలో ఆయన సైనికుల మధ్య, ఆసుపత్రులలో కచేరీలు చేశారు. 1943లో శత్రువుల ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్ వెళ్ళి వాయించారు. 1944 డిసెంబరు 30న ప్రొకోఫియెవ్ రాసిన ఎనిమిదవ సొనాటాను మాస్కోలో మొదటిసారి వినిపించారు.

ఆ సమయానికే ఆయన పక్కన మరో పేరు వినిపించసాగింది. అది స్వియతోస్లావ్ రిఖ్టర్. ఆయన కూడా ఒడెస్సాలో పెరిగినవాడే, నైహౌస్ శిష్యుడే. ప్రొకోఫియెవ్ ఏడవ సొనాటాను 1943లో రిఖ్టర్ మొదటిసారి వాయిస్తే, ఎనిమిదవది గిలెల్స్ చేతికి వచ్చింది. ఇక అప్పటి నుంచి జీవితాంతం ఇద్దరినీ పోల్చడం సంగీతలోకానికి అలవాటైపోయింది. రిఖ్టర్‌ది ఎప్పుడు ఏం చేస్తారో తెలియని ఉద్వేగం, గిలెల్స్‌ది నిలకడ. గురువుగారికి కూడా రిఖ్టర్ మీదనే మక్కువ ఎక్కువన్న మాట గిలెల్స్ చెవిన పడుతూనే ఉండేది. ఒకే ఆఫీసులో, ఒకే ఆఫీసరు కింద పనిచేసిన ఇద్దరు సమర్థుల పరిస్థితి ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి గిలెల్స్ 1955 అక్టోబరులో అమెరికా వెళ్ళారు. యుద్ధం తరువాత ఆ దేశానికి వెళ్ళిన మొదటి సోవియట్ వాద్యకారుడు ఆయనే. ఫిలడెల్ఫియాలో, న్యూయార్కులో చైకోవ్‌స్కీ మొదటి కంచెర్టో వాయించారు. ఆ రచన ఆయనకు కొట్టినపిండి. అమెరికావారు ఆనందం పట్టలేక పొగడ్తలు కురిపిస్తుంటే, ఆగండి, మీరింకా రిఖ్టర్‌ను వినలేదు అనే అర్థం వచ్చేలా ఆయన చెప్పారు. రిఖ్టర్ అమెరికా వెళ్ళింది 1960లో. పోటీదారుని గురించి, అదీ పరాయి దేశంలో, తన సన్మానం జరుగుతున్న వేళ ఆ మాట అనగలగడం ఆయన మనసు ఎంత పెద్దదో తెలుపుతుంది.

1958 - తీర్పు కుర్చీ

1957 అక్టోబరులో సోవియట్ దేశం స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. విజ్ఞానంలో తమకు సాటిలేరని చాటుకున్న ఆ దేశం, సంగీతంలోనూ అది నిరూపించుకోవాలనుకుంది. 1958 వసంతకాలంలో మాస్కోలో మొదటి చైకోవ్‌స్కీ అంతర్జాతీయ పోటీ ఏర్పాటయింది. నిర్వహణ సంఘానికి ప్రఖ్యాత స్వరకర్త షోస్తకోవిచ్ అధ్యక్షుడు. పియానో న్యాయనిర్ణేతల సంఘానికి గిలెల్స్ అధ్యక్షుడు. సభ్యులలో ఆయన గురువు నైహౌస్, సహాధ్యాయి రిఖ్టర్ ఉన్నారు. విదేశీయులు కూడా ఉన్నారు.

సొంత దేశపు ఆశాకిరణం లెవ్ వ్లాసెంకో. రెండేళ్ళ కిందట బుడాపెస్ట్‌లో లిస్ట్ పోటీ గెలిచి వచ్చినవాడు. ఆయన గురువు ఎవరనుకుంటున్నారు? వియన్నాలో గిలెల్స్‌ను ఓడించిన యాకోవ్ ఫ్లియెర్! చైనా నుంచి లియు షికున్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రవాడు వచ్చాడు. అమెరికా నుంచి వాన్ క్లైబర్న్ వచ్చాడు. ఇరవై మూడేళ్ళు, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, టెక్సాస్ పెంపకం. తల్లే తొలి గురువు. తరువాతి గురువు రోజినా లెవీన్ స్వయంగా మాస్కో సంగీత కళాశాలలో బంగారు పతకం పొంది అమెరికాలో స్థిరపడిన మహిళ. కనుక ఆ అమెరికా కుర్రవాని వేళ్ళలో పాత రష్యా బాణీయే ఉంది. మాస్కో జనం అది ఇట్టే గుర్తుపట్టారు. ముద్దుగా వాన్యా అని పిలవడం మొదలుపెట్టారు.

వ్లాసెంకో వాయిద్యం బలమైనది, ఆలోచనతో కూడినది, ఎక్కడా తూకం తప్పనిది. లియు షికున్‌ది మెరుపు వేగం. క్లైబర్న్ చేతిలో మాత్రం పియానో సుత్తి వాద్యమన్న సంగతి మరపుకు వచ్చేది. తొందర లేకుండా, ప్రతి వాక్యాన్నీ గొంతెత్తి పాడినట్లు వాయించాడు. తుది పోటీలో చైకోవ్‌స్కీ మొదటి కంచెర్టో, రఖ్మనినోవ్ మూడవ కంచెర్టో అతను ముగించేసరికి హాలు దద్దరిల్లింది. చప్పట్లు ఆగలేదు. నియమం ప్రకారం పోటీదారుడు రెండవసారి వేదిక మీదకు రాకూడదు. గిలెల్స్ లోపలికి వెళ్ళి, ఆ కుర్రవాడిని కౌగలించుకుని, మళ్ళీ జనం ముందుకు తీసుకువచ్చారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చైకోవ్‌స్కీ మొదటి కంచెర్టో గిలెల్స్ సొంత సొత్తు లాంటిదని చెప్పాను. ఆయన బాణీలో అది నిప్పులు చెరిగే వేగంతో, ఉక్కు బలంతో సాగుతుంది. క్లైబర్న్ వాయించింది దానికి భిన్నంగా ఉంది. విశాలంగా, నింపాదిగా సాగింది. తనకు కొట్టినపిండి అయిన రచనను మరొకరు తనలా కాకుండా వాయిస్తే, అధికారి కుర్చీలో ఉన్నవారికి మొదట వచ్చే ఆలోచన ఏమిటి? ఇది పద్ధతి కాదు అనే కదా! నోట్‌ఫైలు తాము రాసినట్లే గుమాస్తా రాయాలని పట్టుబట్టే ఆఫీసర్లను నా సర్వీసులో చూశాను. గిలెల్స్ తన బాణీని పక్కనపెట్టి విన్నారు.

కాని వినడంతో పని పూర్తికాలేదు. సోవియట్ ప్రతిష్ఠ చాటడానికి పెట్టిన పోటీలో, శత్రుదేశంగా చూస్తున్న అమెరికా కుర్రవానికి మొదటి బహుమతి ఇవ్వాలి. దాని కింద అధ్యక్షునిగా సంతకం తనది. ఆ రోజులలో ఆ దేశంలో అటువంటి సంతకం వల్ల ఏమి జరిగినా ఆశ్చర్యపోవలసింది లేదు. స్టాలిన్ మరణించి అప్పటికి ఐదేళ్ళే అయింది. రిఖ్టర్ అయితే క్లైబర్న్‌కు పూర్తి మార్కులు వేసి, కొందరికి సున్నాలు చుట్టారని చెబుతారు. రిఖ్టర్ ఒక సభ్యుడు మాత్రమే, ఆయన అలా చేయగలరు. అధ్యక్షునికి ఆ స్వేచ్ఛ లేదు. అందరినీ ఒక తాటి మీద నిలపాలి, పైవారికి సమాధానం చెప్పాలి. విషయం సంస్కృతి మంత్రి దాకా, అక్కడి నుంచి క్రుశ్చేవ్ దాకా వెళ్ళింది. అందరికంటే బాగా వాయించింది అతనేనా అని క్రుశ్చేవ్ అడిగారనీ, అవునన్న సమాధానం రాగానే అయితే బహుమతి అతనికే ఇవ్వమన్నారనీ ఆ కథ ప్రసిద్ధం. క్రుశ్చేవ్ ఔదార్యం గురించి అందరూ చెప్పుకుంటారు. ఆ ప్రశ్నకు అవునని నిజం చెప్పగలిగిన సంఘం ఉన్నందువల్లనే ఆ ఔదార్యానికి అవకాశం వచ్చిందని నాకు అనిపిస్తుంది.

క్లైబర్న్ ప్రథముడు. వ్లాసెంకో, లియు షికున్ ఇద్దరికీ కలిపి ద్వితీయ బహుమతి. 1958 మే నెలలో న్యూయార్కు వీధులలో క్లైబర్న్‌ను కాగితపు పూలవానతో ఊరేగించారు. ఒక సంగీతకారునికి అంతటి ఊరేగింపు ఆ నగరం అంతకుముందు చేయలేదు. వ్లాసెంకో మాస్కోలో పేరున్న ఆచార్యుడయ్యారు. లియు షికున్ కథ వింటే కళ్ళు చెమరుస్తాయి. చైనా సాంస్కృతిక విప్లవకాలంలో ఆయనను జైలులో పెట్టి, చేయి దెబ్బతినేలా కొట్టారు. విడుదలయ్యాక మళ్ళీ పియానో ముందు కూర్చుని కచేరీలు చేశారు.

తరువాతి తీర్పులు

ఈ పోటీ నాలుగేళ్ళకు ఒకసారి జరిగేది. 1962లోనూ అధ్యక్షుడు గిలెల్సే. ఈసారి తుది పోటీలో ఇద్దరు తేలారు. ఒకరు సోవియట్ యువకుడు వ్లదీమిర్ అష్కెనాజీ. పొట్టిగా, సన్నగా ఉండి చురుకైన వేళ్ళతో, కడిగిన ముత్యాల్లాంటి స్వరాలతో వాయించేవారు. ఇంకొకరు ఇంగ్లండుకు చెందిన జాన్ ఓగ్డన్. భారీ మనిషి, గడ్డం, కొండను కదిలించేలాంటి వాయిద్యం. ఏనుగునూ లేడినీ ఒకే త్రాసులో ఎలా తూచాలి? ప్రథమ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

1966లో వచ్చిన చిక్కు దీనికి విరుద్ధం. మాస్కో శ్రోతలు మిషా డిక్టర్ అనే అమెరికా యువకుని మీద మనసు పారేసుకున్నారు. న్యాయనిర్ణేతలు మాత్రం గ్రిగొరీ సొకొలోవ్ అనే పదహారేళ్ళ లెనిన్‌గ్రాడ్ కుర్రవానికి మొదటి బహుమతి ఇచ్చారు. అతను ఇంకా బడి పిల్లవాడు. జనానికి కోపం వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట విదేశీయునికి ఇచ్చి మెప్పు పొందిన గిలెల్స్, ఇప్పుడు స్వదేశీయునికి ఇచ్చి నిందలు మోశారు. తానూ పదహారేళ్ళకే అఖిల సోవియట్ పోటీ గెలిచినవారు కదా, కుర్రవాని వయసు చూసి ఆయన జంకలేదు. ఆ సొకొలోవ్ తరువాతి దశాబ్దాలలో యూరపు అంతటా శ్రోతలు భక్తితో వినే విద్వాంసుడు అయ్యారు. గిలెల్స్ మాత్రం అంతా చూడడానికి లేరు.

చివరి రోజులు

పెద్దవయసులో గిలెల్స్ వాయిద్యం మారింది. యౌవనంలోని ఉక్కుబలం లోపలికి వెళ్ళి, పైకి ప్రశాంతత కనిపించసాగింది. 1973లో కుమార్తె ఎలేనాతో కలిసి మొజార్ట్ జంట పియానోల కంచెర్టోను రికార్డు చేశారు. నార్వే రచయిత గ్రీగ్ రాసిన చిన్న చిన్న రచనలను 1974లో రికార్డు చేశారు. పిల్లలు సైతం నేర్చుకునే ఆ చిన్న రచనలను, కంచెర్టోలు మోగించిన ఆ చేతులతో ఎంత మెత్తగా వాయించారో వింటేనే తెలుస్తుంది. బీథోవెన్ 32 సొనాటాలనూ రికార్డు చేయడం ఆయన చివరి సంకల్పం. 1981లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కచేరీ తరువాత గుండెపోటు వచ్చింది. కోలుకుని మళ్ళీ పనిలో పడ్డారు. 1985 అక్టోబరు 14న, అరవై తొమ్మిదవ పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు, మాస్కోలో కన్నుమూశారు. బీథోవెన్ సొనాటాలలో ఐదు మిగిలిపోయాయి. ఆ సంపుటాన్ని వేరొకరితో పూర్తిచేయించలేదు. 27 సొనాటాలతోనే అది ఈనాటికీ అమ్ముడవుతోంది.

మనకు ఏమిటి?

ఎక్కడో మాస్కోలో జరిగిన పియానో పోటీలతో పెన్షనర్లమైన మనకు ఏమిటి సంబంధం అని కొందరు మిత్రులు అడగవచ్చు. సర్వీసులో ఉండగా రెండవ స్థానంలో మిగిలిపోయామన్న బాధ మనలో కొందరికి ఇంకా పోలేదు. నెలవారీ సమావేశాలలో ఇరవై ఏళ్ళ కిందటి ప్రమోషన్ జాబితాలు ఇప్పటికీ చర్చకు వస్తూనే ఉంటాయి. వియన్నాలో రెండవ స్థానం వచ్చినప్పుడు గిలెల్స్ ఏమనుకున్నారో గాని, తిరిగి వచ్చి సాధన చేశారు. తాను తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు పాత లెక్కలు తీర్చుకోలేదు. ఫ్లియెర్ శిష్యునికి రెండవ బహుమతి ఇచ్చింది పగతో కాదు, మొదటివాడు వేరొకడు కావడం వల్ల.

ఇప్పుడు మన మనవలు, మనవరాళ్ళు కూడా పాటల పోటీలకు, నాట్యం పోటీలకు వెళుతున్నారు. టీవీలలో న్యాయనిర్ణేతలు ఇచ్చే మార్కులు చూసి ఏడుస్తున్నారు. అటువంటప్పుడు వాళ్ళను దగ్గరకు తీసుకుని బ్రసెల్స్‌లో ఏడవ స్థానం వచ్చిన ఇటలీ కుర్రవాని సంగతి చెప్పండి. గిలెల్స్, క్లైబర్న్ వాయించిన చైకోవ్‌స్కీ కంచెర్టో రికార్డులు రెండూ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. పిల్లలను అడిగితే పెట్టిపెడతారు. తీరిక ఉన్న ఒక సాయంత్రం ముందు ఒకటి, తరువాత రెండవది విని, మీరైతే ఎవరికి మొదటి బహుమతి ఇస్తారో ఇంట్లోవారితో వాదించుకోండి. మా ఇంట్లో ఆ వాదన ఇంకా తేలలేదు. మా ఆవిడ క్లైబర్న్ పక్షం.